బరువు దిగిన కాలు

ఒకసారి లేచి నిలబడి, వంగి పిక్క మీద చెయ్యి వేయండి. అలాగే ఒళ్లు కాస్త ముందుకు వాల్చండి. బరువు మడమ నుంచి వేళ్ల వైపు జరిగేకొద్దీ చేతి కింద కండ బిగుసుకోవడం తెలుస్తుంది. కదలకుండా నిలబడినవాడు ఏ పనీ చేయడం లేదని అనుకుంటాం. పిక్క మాత్రం అప్పుడు పూర్తిగా పనిలోనే ఉంటుంది. నిలబడ్డప్పుడు మన బరువు చీలమండకు కొంచెం ముందుగా పడుతుంది. వెనక నుంచి ఏదో ఒకటి లాగి పట్టకపోతే బోర్లా పడతాం. ఆ లాగి పట్టే పనిలో ఎక్కువ భాగం పిక్క లోపలి పొరలో ఉన్న ఒక బల్లపరుపు కండరానిది. దాని పేరు సోలియస్.

పైకి ఉబ్బెత్తుగా కనబడే కండరం వేరు. అది గ్యాస్ట్రోక్నీమియస్. ఎగరడానికి, పరుగెత్తడానికి అది ముందుకొస్తుంది. రెండూ కింద ఒకే స్నాయుబంధనంతో మడమ ఎముకను పట్టుకుని ఉంటాయి, కానీ స్వభావాలు వేరు. సోలియస్‌లో ఎక్కువగా ఉండేవి నిదానంగా ముడుచుకుని, త్వరగా అలసిపోని తంతువులు. పిల్లిలోనైతే దాదాపు అన్నీ అవే. కాలి ముందు వైపు, ముంగాలి ఎముక పక్కన టిబియాలిస్ యాంటీరియర్ అనే మూడో కండరం ఉంటుంది. అడుగు తీసేటప్పుడు పాదాన్ని పైకెత్తేది అది. ఈ అధ్యాయంలో ఈ మూడింటితోనే మనకు పని.

ఈ కండరాలు రోజంతా ఎంత పని చేస్తాయో ఎలా తెలుస్తుంది? కండరానికి నాడి నుంచి ఆదేశం వచ్చిన ప్రతిసారీ అందులో చిన్న విద్యుత్ కదలిక పుడుతుంది. వెంట్రుకంత సన్నని తీగలను కండరంలో అమర్చి ఆ కదలికను రికార్డు చేయడమే ఎలక్ట్రోమయోగ్రఫీ, పొట్టిగా ఈఎంజీ. ఓస్లోలో హెన్నిగ్, లోమో అనే ఇద్దరు పరిశోధకులు తమ ఇష్టప్రకారం తిరుగుతున్న ఎలుకల కాళ్లలో ఇలా తీగలు పెట్టి, ఒక్కో నాడీకణం, దాని అధీనంలోని తంతువులు కలిసిన ఒక్కో యూనిట్ రోజుకు ఎన్నిసార్లు స్పందిస్తుందో లెక్కగట్టారు. 1985లో వచ్చిన ఆ లెక్కలు ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తాయి. సోలియస్‌లోని నిదాన యూనిట్లు రోజుకు 3 లక్షల నుంచి 5 లక్షల సార్లు స్పందించాయి. 24 గంటల్లో 5 నుంచి 8 గంటలు అవి పనిలోనే ఉన్నాయి. అదే కాలిలోని మరో కండరంలో ఉన్న అతివేగ యూనిట్లు రోజు మొత్తం మీద పనిచేసింది 3 నిమిషాలకు లోపే. ఒకే జంతువు, ఒకే కాలు, ఒకే రోజు. ఒకటి కాపలావాడిలా గంటల తరబడి మేలుకుని ఉంటే, రెండోది పిలిస్తే వచ్చి వెళ్లిపోతుంది.

అంత శ్రమకు అలవాటుపడిన కండరం మీద నుంచి బరువు ఒక్కసారిగా తీసేస్తే ఏమవుతుంది?

ఈ ప్రశ్న పుట్టింది అంతరిక్ష యాత్రల నుంచి. కక్ష్యలోంచి తిరిగొచ్చిన మనుషులు నిలబడడానికే తంటాలు పడుతుంటే కారణం వెతకాల్సి వచ్చింది. ప్రతి ప్రయోగానికీ రాకెట్ ఎక్కించడం అయ్యే పని కాదు. 1970ల్లో అమెరికాలో నాసా ఏమ్స్ కేంద్రానికి చెందిన ఎమిలీ మోరీ, ఆమె సహచరులు నేల మీదే ఒక మార్గం కనిపెట్టారు. ఎలుక వెనక భాగాన్ని పైకెత్తి, వెనక కాళ్లు నేలకు తగలకుండా వేలాడదీస్తారు. తల కిందికి, ఒళ్లు సుమారు 30 డిగ్రీల వాలులో ఉంటుంది. ముందు కాళ్లు నేల మీదే ఉంటాయి. మొదట్లో వీపుకు తొడుగు వాడేవారు, తర్వాత తోకకు మెత్తని పట్టీ చుట్టి పైనున్న కప్పీకి తగిలించడం అలవాటైంది. ఎలుక ముందు కాళ్లతో పంజరమంతా తిరుగుతుంది, తింటుంది, తాగుతుంది, ఒళ్లు శుభ్రం చేసుకుంటుంది. వెనక కాళ్లు గాలిలో కదులుతూనే ఉంటాయి. ఇక్కడ గమనించాల్సింది ఇదే: కట్టు కట్టలేదు, నాడి కోయలేదు, కీలు బిగించలేదు. తీసేసింది బరువొక్కటే.

చదివేవాళ్లలో కొందరికి ఇక్కడ మనసు చివుక్కుమంటుంది. అలా అనిపించడం సబబే. మొదటి ఒకటి రెండు రోజులు ఎలుక కూడా బెదురుతుంది, తర్వాత కుదుటపడుతుంది. ఈ పద్ధతి వల్ల తెలిసిన విషయాలు మంచానికి అతుక్కుపోయిన రోగులకు పనికొచ్చాయన్నది నిజం. అంతమాత్రాన ఎలుక పడ్డ ఇబ్బంది లెక్కలోంచి పోదు. రెండింటినీ గుర్తుంచుకుని ముందుకు పోదాం.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రెజీ ఎడ్జర్టన్ బృందం ఇలా వేలాడదీసిన ఎలుకల మూడు కండరాల్లోనూ తీగలు అమర్చింది. వేలాడదీయక ముందు, వేలాడదీసిన రోజు, ఆపైన నాలుగు వారాల పాటు ఈఎంజీ తీసింది. ఫలితాలు 1987లో వచ్చాయి. మొదటి రోజు జరిగింది అందరూ ఊహించిందే. కాళ్లు నేలను వదలగానే సోలియస్ దాదాపు మూగబోయింది. గ్యాస్ట్రోక్నీమియస్ కూడా బాగా తగ్గింది. పాదాన్ని పైకెత్తే టిబియాలిస్ మాత్రం మామూలు కంటే ఎక్కువగా పనిచేయడం మొదలుపెట్టింది. గాలిలో వేలాడే కాలు మాటిమాటికీ మడుచుకుంటూ ఉంటుంది కదా, దాని లెక్క అది.

ఇంతవరకూ కథ సులువు. బరువు పోయింది, ఆదేశాలు తగ్గాయి, పని లేని కండరం క్షీణించింది అని చెప్పి ముగించొచ్చు. కానీ వారం తిరిగేసరికి తీగలు వేరే మాట చెప్పాయి. వేలాడుతున్న ఎలుకలోనే సోలియస్ విద్యుత్ చురుకుదనం మళ్లీ పెరిగింది. ఏడు నుంచి పది రోజుల్లో రోజు మొత్తం మీద లెక్క దాదాపు పాత స్థాయికి వచ్చేసింది. కాళ్లు మాత్రం ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆ కోలుకోవడం అన్ని ప్రయోగశాలల్లోనూ ఒకే మోతాదులో కనబడలేదు. సందేశాల తీరు మారిందని, ఆగకుండా సాగే సన్నని ధారకు బదులు విడతలు విడతలుగా వస్తున్నాయని మరికొన్ని బృందాలు చూపించాయి. అయినా అసలు చిక్కు అలాగే ఉంది. ఆదేశాలు తిరిగొచ్చిన తర్వాత కూడా కండరం తగ్గిపోతూనే ఉంది.

తగ్గడమంటే ఆషామాషీగా కాదు. ఎలుక సోలియస్ బరువే గ్రాములో పదో వంతుకు కాస్త ఎక్కువ. వేలాడదీసిన రెండు వారాల్లో అందులో మూడో వంతు నుంచి సగం దాకా పోతుంది. పక్కనే ఉన్న గ్యాస్ట్రోక్నీమియస్ అంతకంటే తక్కువ నష్టపోతుంది. ముందు వైపు టిబియాలిస్‌కు పెద్దగా ఏమీ కాదు. మిగిలిన సోలియస్ స్వభావమూ మారుతుంది. నిదాన తంతువుల్లో కొన్ని వేగ తంతువుల ప్రోటీన్లు తయారు చేయడం మొదలుపెడతాయి. కాపలా కండరం కాస్తా త్వరగా అలసిపోయే కండరం అవుతుంది.

నాడి ఆదేశాలిస్తున్నా కండరం ఎందుకు కరిగిపోతోంది? ట్రాక్టరు ఇంజను ఎంతసేపు మోగినా గేరు పడకపోతే నాగలి కదలదు. ఈఎంజీ వినేది ఇంజను మోతను. నాగలికి నేల అడ్డుపడుతోందా లేదా అన్నది ఆ మోతలో వినబడదు. వేలాడే కాలికి నేల లేదు. పాదం కిందికి జారిపోయి, మడమ పైకి లేచి ఉంటుంది. ఆ భంగిమలో సోలియస్ కురచై వదులుగా ఉంటుంది. వదులుగా ఉన్న తాడును ఎంత లాగినా బిగువు రాదు. ఆదేశం వస్తుంది, కండరం ముడుచుకుంటుంది, కానీ దేనినీ ఎదిరించదు.

కండరం పొడవుకు ఎంత విలువుందో ఫ్రాన్సులో తబారీ బృందం 1972లోనే చూపించింది. పిల్లి చీలమండకు ప్లాస్టర్ కట్టు వేసి, కొన్నింటిలో సోలియస్ సాగి ఉండేలా, మరికొన్నింటిలో కురచగా ఉండేలా ఉంచారు. కండర తంతువులో ఒకదాని వెనక ఒకటిగా సార్కోమియర్లు అనే ముడుచుకునే గదులుంటాయి. సాగి ఉన్న కండరంలో వాటి సంఖ్య సుమారు 19 శాతం పెరిగింది. కురచగా ఉన్నదానిలో 40 శాతం తగ్గింది. రెండు చోట్లా కట్టు ఒకటే, కదలిక లేకపోవడం ఒకటే. తేడా అంతా సాగడంలో ఉంది. వేలాడదీసిన ఎలుకల్లో కూడా అంతే. చీలమండను మడిచి సోలియస్‌ను సాగదీసి ఉంచితే క్షీణత బాగా తగ్గుతుంది. కండరం రెండు లెక్కలు చూసుకుంటుందని నాకు అర్థమైంది. ఎన్నిసార్లు పిలుపు వచ్చింది అన్నది ఒకటి, పిలిచినప్పుడు ఎంత బరువు ఎత్తాల్సి వచ్చింది అన్నది మరొకటి. రెండో లెక్క సున్నా అయితే మొదటిది కాపాడలేదు.

అసలు బరువు పోయిన సంగతి వెన్నుపాముకు ఎవరు చెబుతారు? ఎలుక బుర్రపెట్టి ఆలోచించి సోలియస్‌ను ఆపదు. విమానాన్ని పైకి లేపి, మళ్లీ కిందికి వంచుతూ నడిపితే లోపల ఇరవై సెకన్లకు పైగా భారరహిత స్థితి వస్తుంది. అలాంటి విమానాల్లో ఎలుకలను తీసుకెళ్లి చూస్తే, ఆ కొద్ది సెకన్లలోనే సోలియస్ మూగబోతుంది. బరువు తిరిగి రాగానే మళ్లీ పలుకుతుంది. ఇంత వెంటనే జరగాలంటే కాలిలోంచి వెన్నుపాముకు సూటిగా కబురు అందుతూ ఉండాలి.

కబురు పంపేవాటిలో ఒకటి కండరం స్నాయుబంధనంతో కలిసే చోట ఉండే గాల్జీ అవయవం. అది బిగువును కొలుస్తుంది. 1980లో డ్యూసెన్స్, పియర్సన్ పిల్లుల మీద చేసిన ప్రయోగం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. పై మెదడుతో సంబంధం తెగినా నడక పట్టీ మీద నడవగలిగే పిల్లిలో, పిక్క కండరాలను లాగి పట్టి బరువు మోస్తున్నట్టు చేశారు. బిగువు ఒక స్థాయి దాటితే కాలు మడిచే కండరాల వంతు రాకుండా ఆగిపోయింది. అంటే కాలు మీద బరువున్నంతసేపూ వెన్నుపాము దాన్ని ఎత్తనివ్వదు. బరువు పక్క కాలికి మారాకే అడుగు లేస్తుంది. ఆలోచిస్తే ఇందులో ప్రాణరక్షణ ఉంది. బరువు మోస్తున్న కాలిని పొరపాటున ఎత్తేస్తే జంతువు కూలిపోతుంది.

నడుస్తున్న పిల్లి పాదం కింద హఠాత్తుగా గొయ్యి వస్తే ఇంకో విషయం బయటపడుతుంది. పాదానికి నేల తగలకపోయినా నిలబెట్టే కండరాల్లో మొదటి చురుకుదనం వేళకు వచ్చేస్తుంది. అది వెన్నుపాము ముందే రాసిపెట్టుకున్నది. కానీ నేల తగలలేదని తెలియగానే తర్వాతి భాగం బలహీనపడి, పిల్లి కాలిని గుంటలోంచి పైకి లాగేస్తుంది. సగం ముందస్తు పథకం, సగం నేల నుంచి వచ్చే సమాధానం. రెండో సగం లేకపోతే అడుగు పూర్తి కాదు.

అరికాలు కూడా సాక్షే. మాస్కోలోని జీవవైద్య సమస్యల సంస్థలో ఇనెస్సా కొజ్లోవ్‌స్కయా దశాబ్దాల పాటు ఈ వాదన వినిపించారు: అరికాలికి నేల ఒత్తిడి తగలకపోవడమే నిలబెట్టే కండరాల మాట పోవడానికి మొదటి మెట్టు. వేలాడదీసిన ఎలుకల అరికాలిని రోజూ యంత్రంతో నొక్కినప్పుడు సోలియస్ క్షీణత పూర్తిగా ఆగలేదు గానీ చెప్పుకోదగ్గంత తగ్గింది. కాలి మీద ఏ బరువూ పెట్టకుండానే, అరికాలు నొక్కడంతోనే ఇంత మార్పు వచ్చింది. ఈ ఆలోచనతోనే రష్యన్లు మంచాన పడ్డవారి కోసం అరికాళ్లను వంతులవారీగా నొక్కే పాదరక్షలు తయారుచేశారు.

సోవియట్ వాళ్లకు ఈ రంగంలో ఇంకో సదుపాయం ఉండేది. కాస్మోస్ వరుసలోని బయో ఉపగ్రహాల్లో వాళ్లు ఎలుకలను, 1983 నుంచి రీసస్ కోతులను కక్ష్యలోకి పంపేవారు. వాటిలో అమెరికా శాస్త్రవేత్తలూ భాగం పంచుకున్నారు. ప్రచ్ఛన్నయుద్ధం ఓ పక్క సాగుతుంటే ఇరువైపులవాళ్లూ ఒకే కోతి పిక్కను పరిశీలించారన్నది నాకెప్పుడూ సరదాగా అనిపిస్తుంది. 1987లో కాస్మోస్ 1887లో వెళ్లిన యెరోషా అనే కోతి కట్టులోంచి ఒక చెయ్యి విడిపించుకుని, చేతికందిందల్లా తడిమి చూసి, కింద ఉన్నవాళ్లను హడలెత్తించింది. 1989లో 14 రోజులు తిరిగొచ్చిన కాస్మోస్ 2044 కోతుల్లో పిక్క కండరాల ఈఎంజీని యాత్రకు ముందూ తర్వాతా పోల్చారు. దిగాక, అవే పనులు చేస్తున్నప్పుడు సోలియస్ వాటా తగ్గి గ్యాస్ట్రోక్నీమియస్ వాటా పెరిగింది. బరువు తిరిగొచ్చినా పాత పంపకం వెంటనే తిరిగి రాలేదన్నమాట. మార్పు కండరంలోనే కాదు, దాన్ని పిలిచే నాడీవ్యవస్థలోనూ జరిగింది.

యెరోషా వెళ్లిన ఉపగ్రహమే అనుకోకుండా ఇంకో పాఠం నేర్పింది. అది అనుకున్న చోటికి చాలా దూరంగా దిగింది. అందులోని ఎలుకలను పరీక్షించేసరికి రెండు రోజులు గడిచాయి. వాటి సోలియస్‌లో తంతువులు చిట్లి, వాచి కనిపించాయి. భారరహిత స్థితే తంతువులను చీల్చేస్తుందని మొదట అనుకోవడానికి వీలైంది. కాస్మోస్ 2044లో ఎలుకలను దిగిన కొద్ది గంటల్లోనే చూస్తే అంత గాయం లేదు. అంటే గాయం పైన జరగలేదు. బలహీనపడిన కండరం మీద భూమి బరువు ఒక్కసారిగా పడ్డాక, ఆ రెండు రోజుల్లో జరిగింది. 

కోతుల కథ విషాదంగానే ముగిసింది. 1997 జనవరిలో బయాన్ 11 అనే బయో ఉపగ్రహం నుంచి దిగిన ముల్తిక్ అనే కోతి మర్నాడు కండరం ముక్క తీయడానికి మత్తు ఇచ్చినప్పుడు చనిపోయింది. దాంతో నాసా తర్వాతి కోతుల యాత్ర నుంచి తప్పుకుంది. ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. అప్పటికి ఎలుకల నుంచి తెలియాల్సింది చాలావరకు తెలిసిపోయింది.

బరువుకూ కండర చురుకుదనానికీ సంబంధం అన్ని జంతువుల్లో ఒకే తీరున ఉంటుందనుకుంటే పొరపాటు. గుర్రం నిలబడే కునుకు తీస్తుంది. వెనక కాలిలో మోకాలి చిప్పను ఒక ఎముక గట్టుకు తగిలించుకుని, స్నాయుబంధనాల మీద ఒళ్లు ఆనించేస్తుంది. కాలి మీద వందల కిలోల బరువున్నా కండరం చేసే పని స్వల్పం. ఫ్లెమింగో ఒంటికాలి మీద నిద్రపోవడంలో కూడా ఇలాంటి కిటుకే ఉందని 2017లో అమెరికా పరిశోధకులు తేల్చారు. చచ్చిపోయిన ఫ్లెమింగో శరీరాన్ని సరైన భంగిమలో ఒంటికాలి మీద పెడితే ఏ కండరమూ పనిచేయకుండానే నిలిచింది. ఎలుగుబంటిది దీనికి వ్యతిరేకం. చలికాలమంతా గుహలో పడుకుని కాళ్ల మీద బరువే వేయదు. అయినా అమెరికా నల్ల ఎలుగుబంట్లు 130 రోజుల తర్వాత కోల్పోయిన కాలి బలం 23 శాతం లోపేనని 2001లో కొలిచారు. ఎలుక సోలియస్ పడే పాటుతో పోలిస్తే ఇది నమ్మశక్యం కానంత తక్కువ. మధ్యమధ్యలో వణకడం, యూరియాలోని నత్రజనిని తిరిగి వాడుకోవడం ఇందుకు సాయపడతాయని పరిశోధకుల భావన.

మన పాడి రైతులకు ఇందులో తెలిసిన ముక్క ఒకటుంది, దాన్ని వేరుగా చూడాలి. ఈనిన గేదెకు పాలజ్వరం వచ్చి కూలబడితే, పశువైద్యుడు కాల్షియం ఎక్కించి ఊరుకోడు. మాటిమాటికీ పక్క మార్చమంటాడు, కింద గడ్డి పరవమంటాడు. అక్కడ తొందర బరువు లేకపోవడం గురించి కాదు, బరువు తప్పు చోట పడడం గురించి. ఒంటి బరువంతా కిందపడ్డ కాలి కండరాన్ని నొక్కేసి, రక్తం అందకుండా చేస్తుంది. వారాల్లో జరిగే క్షీణత కాదది, గంటల్లో జరిగే నష్టం. ఆలస్యం చేయకూడదు.

బరువును పూర్తిగా తీసేయకుండా కొలిచి తగ్గించడం వైద్యంలో పనికొస్తుంది. మోకాలి శస్త్రచికిత్స అయిన కుక్కను నీటిలో నడిపిస్తారు. నీళ్లు చీలమండ దాకా ఉంటే కాళ్ల మీద బరువు 9 శాతం తగ్గుతుంది. మోకాలి దాకా ఉంటే 15 శాతం, తుంటి దాకా ఉంటే 62 శాతం తగ్గుతుందని 2010లో కొలిచి చెప్పారు. మోకాలికీ తుంటికీ మధ్య ఉన్న ఆ కొద్ది ఎత్తులోనే పెద్ద దూకుడంతా ఉంది కనుక, నీటిమట్టం ఎంతో చూసుకోకుండా కుక్కను తొట్టిలో దింపడం వల్ల ఉపయోగం లేదు. ఎలుకల విషయంలో కూడా వేలాడదీయడం ఆపి రోజూ కొన్ని గంటలు కాళ్ల మీద నిలబడనిచ్చి చూశారు. క్షీణత తగ్గింది, ఆగలేదు.

మరి ఎంత బరువుంటే చాలు? ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా వచ్చిన జవాబుల్లో గట్టిది జపాన్ వాళ్లది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని కిబో విభాగంలో 2016 నుంచి వాళ్లు ఎలుక పంజరాలను సెంట్రిఫ్యూజ్ మీద తిప్పి, కక్ష్యలోనే కృత్రిమ బరువు పుట్టించారు. మొదటి యాత్రలో చిట్టెలుకలు 35 రోజులున్నాయి. భూమ్మీదంత బరువు ఇచ్చినవాటి సోలియస్ నిలబడింది, ఇవ్వనివాటిది తగ్గింది. తర్వాత తిప్పే వేగం తగ్గించి చంద్రుడి మీదంత, అంటే భూమి మీది బరువులో ఆరో వంతు మాత్రమే ఇచ్చి చూశారు. 2023లో ఆ ఫలితాలు వచ్చాయి. ఆరో వంతు బరువుతో కూడా సోలియస్ పరిమాణం తగ్గకుండా ఆగింది. నిదాన తంతువులు వేగ తంతువులుగా మారిపోవడం మాత్రం ఆగలేదు. కండ పరిమాణం కాపాడుకోవడానికి ఎంత బరువు కావాలో, దాని స్వభావం కాపాడుకోవడానికి అంతకంటే ఎక్కువ కావాలి. ఆ రెండో గీత చంద్రుడి బరువుకు పైన ఎక్కడో ఉంది.